చైనీస్ కష్టమా, జపనీస్ కష్టమా: తెలుగు నోటితో తూచి చూసుకోవడం ఎలా

అమెరికా విదేశాంగ శాఖ ఉద్యోగులకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ లెక్కలో చైనీస్, జపనీస్ రెండూ అన్నిటికన్నా కష్టమైన గుంపులో ఉన్నాయి. ఒక్కోదానికి 88 వారాలు, 2,200 గంటల తరగతి. చాలాకాలం ఆ పట్టికలో జపనీస్ పక్కన ఒక చుక్క గుర్తు కూడా ఉండేది, ఈ గుంపులో ఇది మరీ కష్టం అని చెప్పడానికి. ఏ భాష ఎంచుకోవాలా అని వెతికే ప్రతివాళ్ళకీ ముందు కనబడేది ఈ పట్టికే. కానీ అది ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళని కొలిచిన లెక్క. తెలుగువాళ్ళు దాన్ని చూసి నిర్ణయం తీసుకుంటే పొరపాటే. క్రియ చివర రావడం, హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు, మాట వెనక విభక్తి చేర్చడం వాళ్ళకి వింత. మనకి అవి ఊపిరి తీసుకున్నంత మామూలు.

మనవరకు చైనీస్‌లో కష్టం గుమ్మంలోనే ఎదురవుతుంది, అదీ చెవికి. జపనీస్‌లో మొదటి ఏడాది హాయిగా సాగిపోతుంది. కష్టం తర్వాత వస్తుంది, కంటికీ మర్యాదకీ. ఎంచుకోవాల్సింది ఈ రెండు రకాల కష్టాల మధ్య. అందుకు నాలుగు వారాలు పెట్టండి: రెండు వారాలు ఒక భాష, రెండు వారాలు ఇంకోటి, రోజుకి 45 నిమిషాలు. రెండూ ఒకే రోజు కలపొద్దు. ముందు చైనీస్‌తో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే చెవి అలవాటు పడటానికి మధ్యలో విరామం దొరుకుతుంది.

చైనీస్ రెండు వారాలు: అక్షరాల జోలికి పోవద్దు

ఈ 14 రోజులూ ధ్వని మాత్రమే. చైనీస్ ఉచ్చారణని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిని పిన్‌యిన్ అంటారు, 1958 నుంచి అధికారికంగా వాడుకలో ఉంది. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: దాన్ని ఇంగ్లీషులా చదివేస్తారు. పిన్‌యిన్‌లో 'బి' అంటే మన బ కాదు, ప. 'పి' అంటే ఒత్తు ప, అంటే ప వెనక గట్టిగా గాలి. అలాగే 'డి' త, 'టి' థ. 'జి' క, 'కె' ఖ. చైనా రాజధానిని అక్కడివాళ్ళ నోట విని తెలుగులో రాస్తే 'పెయ్‌చింగ్' అని రాయాలి, 'బీజింగ్' అని కాదు. ఇంగ్లీషువాళ్ళు నెలల తరబడి తడుముకునే ఈ అల్పప్రాణ మహాప్రాణ భేదం మన అక్షరమాలలోనే ఉంది. అయితే అది నోట్లో ఉందా అన్నది వేరే ప్రశ్న. భాషని 'బాష' అనే అలవాటుంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి. పెదవుల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకోండి. పిన్‌యిన్ 'పి' పలికితే కాగితం ఎగరాలి, 'బి' పలికితే కదలకూడదు. ఇంకో జాగ్రత్త: తెలుగులో ఫ అక్షరాన్ని ఇప్పుడు అందరూ ఫ్యాను, ఫోనులో లాగా పళ్ళతో పలుకుతున్నారు. చైనీస్‌లో ఆ ధ్వని వేరే, ఒత్తు ప వేరే. రెండూ ఉన్నాయి, కలిపేస్తే మాట మారిపోతుంది.

తర్వాత మూడు వరసలు. పిన్‌యిన్ 'జె, క్యూ, ఎక్స్' అంటే చ, ఛ, శ; నాలుక అంగిలికి మెత్తగా ఆనాలి. 'జెడ్‌హెచ్, సిహెచ్, ఎస్‌హెచ్' అంటే అవే ధ్వనులు నాలుక మడిచి, ట, ష పలికే చోటు నుంచి. 'జెడ్, సి, ఎస్' అంటే పళ్ళ దగ్గరి ధ్వనులు. చాప, చలి, చుట్టం అనేటప్పుడు పెద్దవాళ్ళ నోట వినిపించే దంత్య ౘ ఉంది చూడండి, అదే పిన్‌యిన్ 'జెడ్'. దానికి గాలి చేరిస్తే 'సి'. శ, ష, స మూడింటినీ విడివిడిగా పలకగలిగినవాళ్ళకి సగం పని అయిపోయినట్టే. అన్నిటినీ 'స' అనేసేవాళ్ళు ఈ మూడు వరసల మీద నాలుగు రోజులు పెట్టాలి.

అసలు పరీక్ష టోన్లది, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తే, దించే తీరుది. అది మారితే అర్థమే మారిపోతుంది. నాలుగు టోన్లు, ఒక తేలిక టోన్. 'మా' అనే మాటే మొదటి టోన్‌లో అమ్మ, రెండోదాంట్లో జనపనార, మూడోదాంట్లో గుర్రం, నాలుగోదాంట్లో తిట్టడం. పట్టుకోడానికి తెలుగు గుర్తులు ఇవి. మొదటిది: పై శ్రుతిలో కదలకుండా నిలబెట్టిన గొంతు. రెండోది: ఎవరో పిలిస్తే "ఏఁ?" అని కింద నుంచి పైకి లేపే గొంతు. మూడోది: ఇష్టం లేకుండా "ఊఁ..." అన్నట్టు అడుగున ఉండిపోయేది. పుస్తకాల్లో కిందికి దిగి పైకి లేచినట్టు గీస్తారు గానీ మాటల మధ్యలో అది లేవదు, కిందే ఉంటుంది. నాలుగోది: విసుక్కుంటూ "పో!" అన్నప్పటి జారుడు.

ఒక్కో మాటకి టోన్ నేర్చుకుంటే నిలవదు, జతలుగా నేర్చుకోవాలి. నాలుగు టోన్ల వెనక నాలుగు టోన్లు 16, తేలిక టోన్‌తో 4, మొత్తం 20 జతలు. రోజుకి రెండు జతలు, ఒక్కోదానికి ఐదు మాటలు. విని, ఆపి, పలికి, ఫోన్‌లో రికార్డు చేసి పక్కపక్కన పెట్టి వినాలి. రెండు మూడో టోన్లు వెంటవెంటనే వస్తే మొదటిది రెండో టోన్ అవుతుంది. "నీ హావ్" అనే పలకరింపులోనే అది జరుగుతుంది.

మనవాళ్ళ దగ్గర ప్రత్యేకంగా కనిపించే తప్పు ప్రశ్న దగ్గర వస్తుంది. "వస్తావా?" అని వాక్యం చివర గొంతు లేపడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. చైనీస్‌లో ప్రశ్నకి చివర 'మ' చేర్చితే చాలు, ముందున్న మాట టోన్ మారకూడదు. 'మై' నాలుగో టోన్‌లో అమ్మడం, మూడోదాంట్లో కొనడం. "అమ్ముతావా?" అని అడుగుతూ మన పద్ధతిలో గొంతు పైకి లేపితే అది రెండో టోన్ అయి కూర్చుంటుంది, ఆ టోన్‌లో 'మై' అంటే పాతిపెట్టడం. కోపం, ఆశ్చర్యం వచ్చినప్పుడు కూడా ఇదే జారుతుంది. అందుకే వాక్యాన్ని ముందు ఏ భావమూ లేకుండా పలకడం సాధన చేసి, భావం తర్వాత చేర్చుకోవాలి.

14వ రోజున ఎవరి చేతనైనా, లేదా రికార్డింగుతో, 20 రెండక్షరాల మాటలు కలగాపులగంగా పెట్టించుకుని టోన్లు రాయండి. 14 పైన సరిగ్గా వస్తే చెవి తెరుచుకుంది. 10 లోపు వస్తే ఈ భాష రాదని కాదు, ధ్వనికి ఇంకో ఆరు వారాలు పట్టుకోవాలని. ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌ని చైనీస్‌కి మార్చి మాట్లాడటం కూడా మంచి పరీక్షే, కానీ వాక్యాలు వద్దు. వాక్యం చెబితే సందర్భాన్ని బట్టి అది తప్పుల్ని సరిదిద్దేస్తుంది, మనం సరిగ్గా పలికామని భ్రమపడతాం. విడి మాటలే చెప్పి చూడాలి.

జపనీస్ రెండు వారాలు: లిపితో మొదలు

ఇక్కడ పద్ధతి తలకిందులు. మొదటి వారం హిరగన అనే 46 అక్షరాలు: రోజుకి పది, ఐదు రోజులు, మిగతా రెండు రోజులు చదవడం. అక్షరాల వరస చూడగానే మనకి తెలిసిన ముఖాలు కనిపిస్తాయి: అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఇది కాకతాళీయం కాదు. సిద్ధం లిపిలో సంస్కృతం చదువుకున్న బౌద్ధ భిక్షువుల ద్వారా మన వర్ణక్రమమే అక్కడికి వెళ్ళింది. మన చ వర్గం ఉండే చోట స వరస, ప వర్గం ఉండే చోట హ వరస ఉంటాయి. హ వరస పూర్వం ప ధ్వనే. అక్షరం మీద రెండు చిన్న గీతలు పెడితే క గ అవుతుంది, త ద అవుతుంది.

ఉచ్చారణ రాసుకోడానికి ఇంగ్లీషు అక్షరాలు వాడొద్దు. తెలుగు లిపి ఇంతకన్నా నయం. హ్రస్వ ఎ, దీర్ఘ ఏ, హ్రస్వ ఒ, దీర్ఘ ఓ అన్నీ మనకి ఉన్నాయి. ఒబసన్ అంటే పిన్ని వరస ఆవిడ, ఒబాసన్ అంటే అమ్మమ్మ. కితె అంటే 'వచ్చి', కిత్తె అంటే పోస్టు స్టాంపు. గుడికీ గుడ్డికీ తేడా వినబడే చెవికి ఇది కొత్తేం కాదు. జపనీస్‌లో 'న్' అనే ఒక్క అక్షరం మన సున్న లాంటిది: పంపులో మ్ అయ్యి పంకాలో ఙ్ అయినట్టే, వెనక వచ్చే హల్లుని బట్టి మారుతుంది. ఇంగ్లీషు మీదుగా వస్తే మాత్రం ఉన్న సౌకర్యం పోతుంది. 'అరిగాటో' అని చాలామంది అంటారు. గా దీర్ఘం కాదు, ట అసలు లేదు: అరిగతో. వాక్యం చివర వచ్చే 'దెసు'లో ఉకారం దాదాపు వినపడదు, దెస్ అనాలి. మనం అలవాటుగా 'దేసూ' అని సాగదీస్తాం.

రెండో వారం వాక్యాలు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు జపాన్‌వాళ్ళు "ఇత్తె కిమస్" అంటారు. ఇత్తె అంటే వెళ్ళి, కిమస్ అంటే వస్తాను. వెళ్ళొస్తాను! ఇంట్లో ఉన్నవాళ్ళు "ఇత్తె రశ్శయి" అంటారు: వెళ్ళి రండి. ఇంగ్లీషు పుస్తకంలో దీనికి ఒక పేరా వివరణ ఉంటుంది, మనకి అక్కర్లేదు. "కినో కత్త హొన్" అంటే "నిన్న కొన్న పుస్తకం", మాటకి మాట, అదే వరస. "తబెతె మిరు" అంటే తిని చూడటం, రుచి చూడ్డం అనే అర్థంతో సహా. దరె, దరెక, దరెమొ అంటే ఎవరు, ఎవరో, ఎవరూ. "కురు తొ ఈమశిత" అంటే "వస్తాను అని అన్నాడు"; ఆ 'తొ' మన 'అని'. తొమరు, తొమెరు మన ఆగు, ఆపు.

కాబట్టి ఈ వారం చేయాల్సిన పని: తెలుగులో పది మామూలు వాక్యాలు రాసి, కింద ఒక్కో మాటకీ జపనీస్ మాట పెట్టుకుంటూ పోవడం. నుంచికి కర, వరకుకి మదె, కూడాకి మొ. ఏడు ఎనిమిది వాక్యాలు అలాగే నిలబడతాయి. నిలబడని రెండు మూడింటిలోనే పాఠం ఉంది. మన 'లో' అక్కడ రెండుగా చీలుతుంది. "హైదరాబాద్‌లో ఉంటాను" అంటే 'ని', "హైదరాబాద్‌లో పని చేస్తాను" అంటే 'దె'. ఉండటానికి ఒకటి, చేయడానికి ఒకటి. "నాకు కాఫీ ఇష్టం"లో నాకు అన్నచోట 'ని' పెట్టేస్తారు, తప్పు. ఇష్టం, కావాలి, అర్థమవుతుంది లాంటి చోట్ల మనిషికి 'వ', వస్తువుకి 'గ': వతశి వ కోహీ గ సుకి దెస్. ఇక 'వ', 'గ' మధ్య తేడా తెలుగులో పూర్తిగా దొరకదు. అది వింటూ వింటూ ఏళ్ళమీద కుదిరేది. 'ఇవ్వడం' కూడా చూసుకోవాలి. నేను ఎవరికో ఇస్తే అగెరు, నాకు ఎవరో ఇస్తే కురెరు.

వాక్యాల దగ్గర చైనీస్ సంగతి కూడా చూద్దాం. అక్కడి వ్యాకరణంలో క్రియ మారదు, లింగం లేదు, వచనం దాదాపు లేదు. ఇంగ్లీషులో ఆలోచించి అనువదించేవాళ్ళు ఇక్కడ అనవసరంగా తప్పు చేస్తారు. "ఈ గది పెద్దది" అనే వాక్యంలో మనకి 'ఈజ్' లేదు, చైనీస్‌లోనూ పెట్టకూడదు. విశేషణం ముందు 'హన్' అనే మాట వస్తుంది. "నేను డాక్టర్ని" లాంటి చోట మాత్రం 'ష' అనే క్రియ కావాలి. 'ల' అనే ప్రత్యయాన్ని భూతకాలం అనుకోవడం ఇంకో పెద్ద తప్పు. అది పని పూర్తయిందనో, పరిస్థితి మారిందనో చెబుతుంది. "నిన్న చాలా బిజీగా ఉన్నాను" అన్నప్పుడు అది రాదు. ఒక చిన్న సంతోషం: మనం, మేము తేడా ఉత్తర చైనా మాటల్లో కూడా ఉంది. ఎదుటివాళ్ళని కలుపుకుంటే 'చాన్‌మన్', లేకపోతే 'వొమన్'.

అక్షరాల లెక్క ఎక్కడ తిరగబడుతుంది

చైనాలో నిర్బంధ విద్యలో సాధారణంగా వాడే అక్షరాలు 3,500. జపాన్‌లో నిత్యవ్యవహారానికి ప్రభుత్వం ప్రకటించిన కంజి (జపనీస్‌లో వాడే చైనీస్ అక్షరాలు) పట్టికలో 2010 సవరణ తర్వాత 2,136. అంకె చూసి జపనీస్ తేలిక అనుకోవద్దు. చైనీస్‌లో ఎక్కువ అక్షరాలకి ఒకటే పలుకుబడి. జపాన్ పట్టికలోని 2,136 అక్షరాలకి దాదాపు 4,400 పలుకుబళ్ళు ఉన్నాయి.

ఒక్క అక్షరాన్ని దగ్గరగా చూడండి: సూర్యుడు, రోజు అనే అర్థాలున్న, నిలువు పెట్టెలో అడ్డగీత ఉన్న అక్షరం. నాలుగు గీతలు. చైనీస్‌లో దాని ధ్వని నాలుగో టోన్ 'రి', నాలుక మడిచి. ఎక్కడ కనిపించినా అదే. జపనీస్‌లో ఆదివారం 'నిచియోబి' అనే మాటలో మొదటి అక్షరమూ అదే, చివరి అక్షరమూ అదే. ముందు నిచి, చివర బి. 'ఈరోజు' అని రాయడానికి దాని ముందు ఇంకో అక్షరం పెట్టి రెండూ కలిపి 'క్యో' అని చదువుతారు. అందులో ఏ భాగం దీనిదో విడదీయలేరు. అందుకే జపనీస్‌లో విడి అక్షరానికి పలుకుబళ్ళ పట్టిక బట్టీ పట్టడం వృథా. మాటలు నేర్చుకోండి, పలుకుబడి మాటతో వస్తుంది. రోజుకి ఐదు కంజిలు, ఒక్కోదానికి రెండు మాటలు చాలు.

చైనీస్‌లో అయితే అక్షరాన్నే విడదీసి చూడాలి. ఎక్కువ అక్షరాల్లో ఒక ముక్క అర్థాన్ని, ఒక ముక్క ధ్వనిని చెబుతుంది. అమ్మ అనే 'మా'లో ఎడమవైపు స్త్రీ గుర్తు, కుడివైపు గుర్రం. గుర్రం అక్కడ ఉన్నది ధ్వని కోసమే. మొదటి 100 అక్షరాలు చేత్తో, గీతల వరస ప్రకారం రాయండి. తర్వాత చదవడం, టైపు చేయడం చాలు. ఎక్కడ ఆగిపోతారంటే, హెచ్‌ఎస్‌కె అనే చైనీస్ భాషా పరీక్ష పాత ఆరు స్థాయిల పద్ధతిలో మొదటి రెండు స్థాయిల ప్రశ్నపత్రంలో అక్షరాల మీద పిన్‌యిన్ ఉంటుంది, మూడో స్థాయి నుంచి ఉండదు. పిన్‌యిన్ మీదే కళ్ళు నిలిపి చదివినవాళ్ళు అక్కడ ఒక్కసారిగా గుడ్డివాళ్ళయినట్టు అవుతారు. మొదటి నెల నుంచే పిన్‌యిన్‌ని కాగితంతో కప్పి చదవడం అలవాటు చేసుకోవాలి.

మర్యాద దగ్గర

మీరు, నువ్వు, అండి తెలిసిన మనకి వాక్యం చివర మర్యాద కోసం వచ్చే జపనీస్ 'దెస్, మస్' రూపాలు వెంటనే పట్టుబడతాయి. ఆ పైమెట్టు మాత్రం మన మర్యాదకి ఎదురు నడుస్తుంది. బయటి కంపెనీ మనిషి ఫోన్ చేస్తే మనం "మా సార్ గారు లేరండి" అంటాం. జపాన్‌లో అది తప్పు. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మన మేనేజర్ కూడా మనవాడే, అతని పేరు వెనక 'సన్' (మన 'గారు' లాంటిది) తీసేసి, అతని పనిని తగ్గించి చెప్పే క్రియ వాడాలి. పెద్దవాళ్ళని ఏకవచనంలో అన్నట్టు అనిపించి నోరు రాదు. దీన్ని నియమాలుగా చదివితే కుదరదు. ఫోన్, రిసెప్షన్, మీటింగ్ లాంటి సందర్భానికి ఒక్కోటి చొప్పున పది పన్నెండు పూర్తి వాక్యాలు కంఠస్థం చేసి, ఉన్నవున్నట్టు వాడాలి. చైనీస్‌లో ఈ బరువు చాలా తక్కువ. మర్యాద సర్వనామం 'నిన్', కొన్ని పిలుపులు తెలిస్తే మొదటి రెండేళ్ళు గడిచిపోతాయి.

దేనికోసం నేర్చుకుంటున్నారో దాన్ని బట్టి

చైనాలో మెడిసిన్ చదవడానికి వెళ్ళే మన పిల్లలకి ప్రశ్నే లేదు. క్లాసులో ఇంగ్లీషు ఉన్నా వార్డులో రోగి చైనీస్‌లోనే మాట్లాడతాడు. వెళ్ళేముందు మూడు నెలలు ఒట్టి టోన్ల మీద పెట్టుకుంటే అక్కడ రెండో ఏడు తిప్పలు తగ్గుతాయి. నొప్పి, ఎప్పటినుంచి, ఎక్కడ అనే మాటలు వినడమే ముందు, అక్షరాలు వెనక.

జపాన్‌లో 2019 ఏప్రిల్‌లో మొదలైన నిర్దిష్ట నైపుణ్య వీసాకి జెఎల్‌పిటి అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి గానీ, జెఎఫ్‌టి బేసిక్ అనే ఇంకో పరీక్ష గానీ అడుగుతారు. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీల ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి ఆంధ్రలో ఉంటూ కూడా భాష అక్కరకొస్తుంది. జెఎల్‌పిటిలో మాట్లాడే పరీక్ష లేదు, రాసే పరీక్ష లేదు. దానికి పై స్థాయి ఎన్3 పాసై నోరు పెగలనివాళ్ళు ఉండేది అందుకే. ఎన్4కి 180లో 90 రావాలి, దాంతోపాటు వినికిడి భాగంలో 60కి కనీసం 19. మిగతా భాగంలో ఎంత వచ్చినా వినికిడిలో 18 వస్తే ఫెయిలే. రోజువారీ 45 నిమిషాల్లో 15 వినడానికే కేటాయించండి. గంటన్నర చదివే రోజున ఆ వాటా కూడా పెంచండి. గురువు దగ్గర కూర్చుని నేర్చుకోవాలనుకుంటే హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ)లో రెండు భాషలూ నేర్పుతారు.

రెండూ కావాలనుకునేవాళ్ళు ఒకదాంట్లో కనీసం 800 అక్షరాలు తడుముకోకుండా చదవగలిగేదాకా రెండోది ముట్టుకోవద్దు. చైనీస్ ముందు వచ్చినవాళ్ళకి కంజి అర్థాలు చాలావరకు ఉచితంగా వస్తాయి, పలుకుబళ్ళు రావు. అర్థాల్లోనూ కొన్ని గుంటలున్నాయి. చెయ్యి, కాగితం అనే రెండు అక్షరాలు కలిపితే జపాన్‌లో ఉత్తరం, చైనాలో టాయిలెట్ కాగితం. జపనీస్‌లో 'చదువుకోవడం' అనే మాట రాసే అక్షరాలే చైనీస్‌లో ఇష్టం లేకుండా చేయడం అనే అర్థమిస్తాయి. జపాన్‌లో కూతురు అని రాసే అక్షరం చైనాలో అమ్మ. ఇలాంటివి కనబడ్డప్పుడల్లా ఒక చిన్న పుస్తకంలో రెండు గళ్ళు గీసి, ఎడమ గడిలో చైనీస్ అర్థం, కుడి గడిలో జపనీస్ అర్థం రాసి పెట్టుకోండి. యాభై దాటేసరికి కొత్త మాట ఎదురైనప్పుడు అర్థం ఊహించి ముందుకెళ్ళిపోకుండా ఆగి నిఘంటువు తీసే అలవాటు వస్తుంది.